సోమక్క అద్దం పొయ్యి

సోమక్క వంటింట్లకు ఎవరన్న కొత్తోళ్లు వస్తే ముందుగాల పొయ్యి ఏదని వెతుక్కుంటరు. గట్టు మీద నల్లటి అద్దం పలక ఒకటి పరిచినట్టు ఉంటది. దాని మీద రెండు తెల్లటి గుండ్రాలు. మంట కనపడదు, పొగ రాదు. ముందర ఉన్న మీట తిప్పితే అద్దం కిందికెల్లి ఎర్రగ వెలుగుతది, అంతే. "గిదేం పొయ్యే సోమక్కా, టీవీ లెక్కున్నది!" అని నవ్వుతరు. సోమక్క నవ్వది. కొంగు నడుముల చెక్కి, మెత్తటి బట్ట తీసుకొని, తుడిచిన అద్దాన్నే ఇంకోపారి తుడుస్తది.

ఆ అద్దం మీద ఆమెకు అంత పావురం, అంత ప్రేమ ఎందుకంటే, కొంచెం ఎనుకకు పోవాలె.

సోమక్కది హసన్‌పర్తి దిక్కు వ్యవసాయం చేసుకునే ఇల్లు. కరోనాల పెనిమిటి రాయమల్లు పోయిండు. సోమక్క దవాఖానల పడి లేచింది గని ముక్కు పనిచేసుడు బందయింది. అందరికీ పోయినట్టే ఆమెకూ వాసన పోయింది. అందరికీ వచ్చినట్టు ఆమెకు తిరిగి రాలేదు. డాక్టర్లను అడిగితే ఆగుమన్నరు. ఆగింది. ఇగ ఎంతని ఆగుతది? మల్లెపూలు, కిరసనాయిలు, కుళ్లిన గుడ్డు, అన్నీ ఆమెకు ఒక్కటే అయినయ్. నోటికి ఉప్పు, తీపి, కారం తప్ప ఇంకో రుచి తెల్వకపోయేది. పొలం కౌలుకిచ్చి హనుమకొండల కొడుకు దగ్గరికి వచ్చింది. కొడుకు సుదర్శన్ ప్రైవేటు కాలేజీల ల్యాబు చూసుకుంటడు. కోడలు పద్మలత ఒక దవాఖానల నర్సు. పొద్దున ఇద్దరూ టిఫిన్ డబ్బాలు పట్టుకొని ఉరుకుడే. ఆ డబ్బాలు నింపే పని సోమక్క తీసుకున్నది. తీసుకున్నది అంటే తక్కువ మాట, గుంజుకున్నది.

మరి ఊర్ల ఆమెకున్న పేరు అసొంటిది. ఎవరింట్ల పెండ్లయినా, పండుగయినా, మాంసం కూర గంజు దగ్గరికి సోమక్కను పిలవకుండ ఉండకపోయేది. ఆమె మూత తీసి, ఆవిరి పట్టి చూసి, "ఇంక కాలే, మసాల పచ్చిగనే ఉన్నది" అంటే అది పచ్చిగనే ఉండేది. రుచి చూసే పనే లేదు. రాయమల్లు బతికున్నన్ని రోజులు దాన్ని చెప్పుకొని మురిసిండు.

సరే, హనుమకొండల ఒకనాడు పగటి పూట ఏమైందంటే, కుక్కర్ల పెట్టకుండ గిన్నెల పెట్టిన పప్పు పొంగింది. పొంగి గ్యాసు మంటను ఆర్పేసింది. మంట ఆరింది గని గ్యాసు పోతనే ఉన్నది. సోమక్క అక్కడనే పీట మీద కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తాంది. ఎదురింటి హన్నా టీచరుకు మెట్ల మీదనే వాసన తగిలింది. తలుపులు బాదుకుంట లోపలికి ఉరికొచ్చింది.

"అక్కా! ఇల్లంత గ్యాసే! లైటు ముట్టకు, ఏదీ ముట్టకు!"

హన్నా మీట కట్టేసి కిటికీలన్నీ తెరిచింది. సోమక్క చేతిల చిక్కుడుకాయ చేతిలనే ఉన్నది. "అవునా? నాకేం తెల్వలేదు బిడ్డా," అన్నది.

సుదర్శన్ వచ్చి సిలిండరు పీకేసిండు. కర్రీ పాయింటు నుంచి కూరలు రాబట్టినయ్. పద్మలత అత్త పక్కకు కూసోని, మెల్లగ, "అత్తమ్మా, పుట్టినకాంచి వండుతనే ఉన్నవ్. జర సుకపడు. ఒక వంట మనిషిని పెట్టుకుందం," అన్నది. మంచి మాటే. ఎవరన్న మంచి కోడలు అనే మాటే. సోమక్క చెవికి మాత్రం అట్ల ఇనవడలేదు. పెనిమిటి పాయె, పొలం పాయె, ముక్కు పాయె. ఇప్పుడు ఇంకో ఆడమనిషి వచ్చి తన కండ్ల ముంగట గంటె తిప్పితే తను హాల్ల కూసోని ఏం చెయ్యాలె? ఆ రాత్రి అన్నం ముట్టలే. తెల్లారి కూడ ముట్టలే. ముట్టకుండ ఉండుడు ఆమెకు బాగనే వచ్చు.

దెబ్బకు సుదర్శన్ దిగొచ్చిండు. అద్దం పొయ్యి కొనుకొచ్చి గట్టు మీద పెట్టి, "కరెంటుది, దీంతోని గ్యాసు ఫికర్ లేదమ్మా. కానీ అద్దం. పగులగొట్టినవనుకో, ఇగ వంట మనిషే," అన్నడు. వాడు నవ్వుకుంట అన్నడు. సోమక్క నవ్వుకుంట ఇనలేదు. అద్దం మంచిగుంటే వంటిల్లు తనది, అద్దం పోతే వంటిల్లు పోతది. ఆమె లెక్క అక్కడ కుదిరిపోయింది.

కుదిరిందా, మొదటి శుక్రవారమే కొంప ముంచింది.

శుక్రవారం పొయ్యి అలికి బొట్టు పెట్టుడు ఆమెకు పెండ్లయిన నాటి నుంచి ఉన్న అలవాటు. మట్టి పొయ్యికి పెట్టింది, కిరసనాయిలు స్టవ్వుకు పెట్టింది, గ్యాసుకు పెట్టింది. అద్దం పొయ్యి ఏం పాపం చేసింది? తానం చేసి వచ్చి, అద్దానికి పసుపు నీళ్లు పూసి, రెండు గుండ్రాల నడుమ నిండుగ కుంకుమ బొట్లు పెట్టి, దండం పెట్టుకొని మీట తిప్పింది. కుంకుమ నల్లగయింది. పసుపు మాడి బంక లెక్క పట్టుకున్నది. వాసన తెలిసేటోళ్లయితే అప్పుడే బంద్ చేసేటోళ్లు. సోమక్క కండ్లతోని చూసి తెలుసుకునే వరకు అయిపోయింది. ఇగ ఆగం పట్టింది. గిన్నెలు తోమే పొడి చల్లి, స్టీలు పీచు తీసుకొని, సత్తువకొద్ది రుద్దింది. మరక పోలేదు. పైకెల్లి గీతలు పడ్డయ్.

సాయంత్రం సుదర్శన్ చూసి నెత్తి పట్టుకున్నడు. "అమ్మా! పొయ్యికి బొట్టేందే!"

"పొయ్యికి కాకపోతే నీ ఫ్రిజ్జుకు పెట్టాల్నా?" అన్నది సోమక్క. అన్నది గని కండ్లు మాత్రం ఆ గీతల మీదనే ఉన్నయ్.

పొయ్యి అమ్మిన దుకాణం నుంచి శ్రీనివాస్ అనే పిలగాడు వచ్చిండు. మంచోడే, కసురుకోలేదు. సల్లారిన అద్దం మీద వంటసోడా చల్లి, తడి బట్ట కప్పి, "ఇగ చాయ తాగుదమమ్మా, అది నానాలె," అన్నడు. చాయ అయినంక బట్ట తీసి, బ్లేడు బిగించిన చిన్న పలకను ఏటవాలుగ పట్టి గీకితే మరక పొట్టు లెక్క లేచొచ్చింది. దాని మీద కొంచెం వెనిగర్ చల్లి మెత్తటి బట్టతోని తుడిచిండు. పోతపోత ఆ పలకను ఆమెకే ఇచ్చి, అన్నీ చెప్పిండు. పీచు, బూడిది, గరుకు పొడి దీనికి పడవు. అడుగు సాపుగ లేని గిన్నె పెట్టద్దు. గిన్నెను జరపద్దు, ఎత్తి పెట్టాలె. మీట బంద్ చేసినా అద్దం చానసేపు కాలుతనే ఉంటది, చెయ్యి పెట్టద్దు. "ఏది ఒలికినా సల్లారినంకనే తుడువు. ఒక్క చెక్కర, బెల్లం కలిసినయ్ ఒలికితే మాత్రం ఆగద్దు. బంద్ చేసి, చేతికి మందం బట్ట చుట్టుకొని, వేడి మీదనే గీకెయ్యాలె. సల్లారిందనుకో, అద్దాన్ని పట్టుకొని పెచ్చు లేపుతది."

"ఈ గీతలు?" అన్నది సోమక్క.

"అవి అట్లనే ఉంటయ్ అమ్మా. వంటకేం కాదు."

సోమక్క ఆ మాటలన్నీ మంత్రాలు పట్టుకున్నట్టు పట్టుకున్నది. అడుగు గుండ్రంగ ఉన్న గంజులన్నీ అటక మీదికి ఎక్కినయ్. రాయమల్లు పాత బనీన్లు చింపి మెత్తటి బట్టలు చేసుకున్నది. కూర దించుడు, అద్దం సల్లారే దాక కాపలా కూసునుడు, తుడుసుడు, మల్ల పొడి బట్టతోని మెరిసేదాక రుద్దుడు. శుక్రవారం బొట్టు పొయ్యి ఎనుక గోడకు మారింది. దేవునికి సమజైతదిలే అనుకున్నది. పద్మలత చాయ పెట్టుకుంటానంటే ఎనుకనే నిలబడేది. "గిన్నె జరపకు బిడ్డా, ఎత్తు, ఎత్తు" అని పానం తీసేది. పద్మలత ఎత్తేది, పాపం. ఎదురుమాట అనకపోయేది.

అట్ల ఏడాది పైన్నే గడిచింది. అద్దానికి కొత్త గీత పడలేదు. వంట మనిషి మాట మల్ల ఎవరూ తియ్యలేదు. సోమక్క గెలిచిన అనుకున్నది.

ఇంతల సుదర్శన్ హసన్‌పర్తి రోడ్డుకు చిన్న ఇల్లు కట్టిండు. అద్దం పొయ్యిని సోమక్క ఆటోల ఒళ్లె పెట్టుకొని తీసుకుపోయింది. గృహప్రవేశం నాడు పాలు పొంగియ్యాలె గదా. ఆ పని ఇంటి ఆడబిడ్డది. పరకాల నుంచి రాయమల్లు అక్క మొగిలమ్మ దిగింది. మొగిలమ్మ అంటే మామూలు మనిషి కాదు. నోరు తెరిస్తే బజారంత ఇనాలె, పద్ధతి తప్పితే దేవుణ్ణి కూడ నిలబెట్టి అడుగుతది.

"వదినె, పెరట్ల మూడు ఇటుకలు పెట్టి పుల్లల మీద పొంగిద్దం," అన్నది సోమక్క, ముందటి దినం నుంచి మనసుల నానబెట్టిన మాట.

"పెరట్ల ఎందుకే? ఇంట్ల పొయ్యి ఉన్నది గదా! వండుకునే పొయ్యి మీద పొంగాలె, గప్పుడే ఇంట్ల పొంగుతది," అన్నది మొగిలమ్మ. సుదర్శన్ కూడ, "పొగకు కొత్త సున్నం నల్లగైతదమ్మా," అన్నడు. ఇగ సోమక్క మాట ఎవరికి కావాలె?

మొగిలమ్మ గిన్నె నిండ పాలు పోసింది. వచ్చినోళ్లందరికీ అవే పాలు పంచొచ్చని గుప్పెళ్లతోని చెక్కర ముందే ఏసింది. మీట మొత్తం తిప్పింది. చుట్టాలు వంటింటి గడప దాక నిండిపోయిండ్రు. సోమక్క మాత్రం పాల దిక్కు చూస్తలేదు, అద్దం దిక్కు చూస్తాంది. పాలు లేచినయ్, నురుగు కట్టినయ్, గిన్నె అంచులు దాటి నాలుగు దిక్కుల దుమికినయ్. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఎర్రటి గుండ్రం మీద చెక్కర పాలు చుయ్యిమని కాలి, బుడగలు లేచి, బెల్లం పాకం రంగుకొచ్చినయ్.

"ఎవరూ ముట్టకుండ్రి. పొద్దుగూకేదాక అట్లనే ఉండాలె," అన్నది మొగిలమ్మ. "పొంగిన పాలు తుడిస్తే ఇంటి లచ్చిమిని తుడిచినట్టే."

పొద్దుగూకేదాకనట! సోమక్క చెవుల శ్రీనివాస్ మాట తప్ప ఇంకేం లేదు. సల్లారిందనుకో, పెచ్చు లేపుతది. పెచ్చు లేస్తే పగుల్తది. పగిల్తే వంట మనిషి. ఆమె ఇంకేం ఆలోచించలేదు. మీట బంద్ చేసింది, గిన్నెను ఎత్తి గట్టు మీద పెట్టింది, చేతికి బట్ట చుట్టుకొని బ్లేడు పలక తీసింది. చుట్టాలందరు చూస్తాంటే కొత్తింట్ల పొంగిన పాలను పరపర గీకబట్టింది.

గడప దగ్గరి చుట్టాలు మెడలు చాపి చూసిండ్రు.

"ఏందే సోమక్కా, నీకు నెత్తి గిట్ల తిరిగిందా?" మొగిలమ్మ గొంతు లేసింది. "ఇంటి పాలను గీకి పారేస్తవా!"

"అమ్మా, జర ఆగు," అన్నడు సుదర్శన్, మొఖం ఎర్రగ చేసుకొని.

సోమక్క ఆగలేదు. చివరి చుక్క దాక గీకి, బట్టతోని ఒత్తి, కండ్లు దగ్గరికి పెట్టి చూసింది. అద్దం మంచిగనే ఉన్నది. అప్పుడు నెత్తి ఎత్తింది. "వదినె, తప్పయింది. గిన్నెల పాలు ఉన్నయ్ గదా, అందరికీ పోస్త," అని గిలాసలు తీసింది. తన చేతితోనే పోసి, తన చేతితోనే పంచింది. ఆఖరుకు తనకొకటి పోసుకొని, పెద్ద గండం గడిచిన మనిషి లెక్క గుటగుట తాగింది. తియ్యగ ఉన్నయ్.

తాగి చూస్తే, ఎవరి గిలాస వాళ్ల చేతిల నిండుగనే ఉన్నది. కొందరు మూతి దాక పెట్టి దించిండ్రు. హన్నా టీచరు కిటికీల పెట్టేసింది.

"తాగుండ్రి, ఏమైంది?" అన్నది సోమక్క.

మొగిలమ్మ కోపం ఇంకా సల్లారలేదు. "ఏం తాగుడు? అడుగంటి, మాడి కంపు కొడుతానయ్! నువ్వెట్ల తాగినవే?" అని, అంతల్నే పద్మలత దిక్కు తిరిగింది. "ఏం పిల్లా, మీ అత్త రోజూ గిట్లనే మాడవెట్టి తినిపిస్తాందా ఏంది?"

ఎవరన్న నవ్వి ఒక మాట అంటే అది అక్కడికి పోయేదే. పద్మలత నవ్వలేదు. లేదు అని కూడ అనలేదు. నెత్తి దించుకున్నది. సుదర్శన్ బయటికి పోయి ఎవరికో కుర్చీ ఏస్తున్నట్టు చేసిండు. సోమక్క వాళ్లిద్దరి దిక్కు చూసింది. ఆమె చేతిల గిలాస ఖాళీది.

చుట్టాలు తిని పోయినంక, పద్మలత గిలాసలు కడుగుతాంటే సోమక్క పోయి పక్కకు నిలబడ్డది.

"ఎప్పటిసంది బిడ్డా?"

పద్మలత నల్లా బంద్ చేసింది. "ఏంది అత్తమ్మా?"

"నాకు ముక్కు లేదు గని బుద్ధి ఉన్నది. ఎప్పటిసంది మాడిన కూర తింటాన్నరు?"

పద్మలత చేతిల గిలాసను బోర్లించింది. తర్వాత, "ఈ పొయ్యి వచ్చినకాంచి," అన్నది. "గ్యాసయితే బంద్ చెయ్యంగనే సల్లారేది. ఇది బంద్ చేసినా కాలుతనే ఉంటది. నువ్వు పోపు గిన్నె అట్లనే దాని మీద ఉంచుతవ్. ఎల్లిపాయ నల్లగైతది. కూర అడుగంటుతది. రోజూ కాదు అత్తమ్మా. చానసార్లు."

సోమక్కకు మంటలేసింది. "మరి చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది? మూతి మూసుకొని తినుకుంట, నన్ను బొమ్మను చేసి ఆడిస్తాన్నరా?"

"ఆయననే వద్దన్నడు. నాయిన పోయినంక అమ్మకు మిగిలింది గా వంటొక్కటే, అదొక్కటి అనకు అన్నడు. నువ్వేమో ఆ అద్దాన్ని పసిపిల్లను తుడిచినట్టు తుడుస్తవ్. నాకు నోరు రాకపోయేది." పద్మలత తడి చేతులు కొంగుకు తుడుచుకున్నది. "డ్యూటీల అందరి నడుమ డబ్బా తెరవాలంటే సిగ్గయ్యేది అత్తమ్మా. అయినా తిన్న. పారేస్తే పాపమనిపించింది."

సోమక్క గోడకు ఆనుకొని నిలబడ్డది. ఏడాది పొడుగూత తను తుడిచింది, గీకింది, కాపలా కాసింది. అద్దాన్ని కాపాడుకున్నది గని, వంట పేరు ఇంకో తొవ్వల పోయింది. కోపం కొడుకు మీదికి పోయి, కోడలు మీదికి పోయి, ఆఖరుకు ఎక్కడికీ పోకుండ ఆమె దగ్గరనే ఆగింది. చాన ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడ, దాచుకోలేదు.

"పెట్టుకోండ్రి," అన్నది, కొంగుతోని మొఖం తుడుచుకొని. "వంట మనిషిని పెట్టుకోండ్రి. నేనేం అన."

పద్మలత అత్త చెయ్యి పట్టుకొని ఒక్క గడియ నిలబడి, మల్ల నల్లా తిప్పింది.

తెల్లారి సోమక్క లేవలేదు. లేవలేదు అంటే మెలకువైంది గని మంచం దిగలేదు. దిగి ఏం చెయ్యాలె? పద్మలతనే వచ్చింది. డ్యూటీ చీర కట్టుకున్నది, జడ ఇంకా ఏసుకోలేదు.

"లే అత్తమ్మా, డబ్బా కట్టాలె. నాకు పప్పు కావాలె."

"మాడిన పప్పా?"

"నేను నిలబడుత. నువ్వు వండు."

సోమక్క లేచింది. మొఖం కడుక్కొని పోయి పప్పు ఉడకబెట్టింది, మెత్తగ మెదిపింది. పోపు గిన్నె పెట్టి నూనె పోసింది. ఆవాలు చిటపటమన్నయ్, అది ఆమెకు ఇనవడింది. జీలకర్ర, ఎండుమిరపకాయ, దంచిన ఎల్లిపాయ పడ్డయ్. మీట బంద్ చేసింది. చెయ్యి అలవాటు కొద్ది పప్పు గిన్నె దిక్కు పోయింది. పోపు గిన్నె ఎర్రటి గుండ్రం మీదనే ఉన్నది. ఎనుక నిలబడ్డ పద్మలత చప్పుడు చెయ్యలేదు. సోమక్క ఎనుకకు చెవి పెట్టింది. ఈ పిల్ల ఇయ్యాల కూడ చెప్పదు అనుకున్నది.

"అత్తమ్మా, మాడుతాంది!"

అంత గట్టిగ అరుస్తదని సోమక్క అనుకోలేదు. కొంగు పట్టి గిన్నెను లటుక్కున లేపింది. పప్పుల పోసింది. చుయ్యిమన్నది. ఇద్దరూ ఆ గిన్నె మీదికి వంగిండ్రు, ఒకామెకు తెలుస్తది, ఒకామెకు తెల్వది.

"గిప్పుడు?" అన్నది సోమక్క.

"మాడలే. సరిగ్గనే లేపినవ్."

"అట్ల కాదు బిడ్డా. ఎట్లొస్తాందో చెప్పు."

పద్మలత కండ్లు మూసుకొని నిండుగ పీల్చింది. "ఎల్లిపాయ ముందొస్తాంది," అన్నది. "దాని ఎనుక జీలకర్ర. మిరపకాయ కొంచెం గొంతుకు తగుల్తాంది. పప్పు కమ్మగొస్తాంది అత్తమ్మా, ఆకలైతాంది."

సోమక్క వంగినది వంగినట్టే ఉండి, "ఇంకా చెప్పు," అన్నది.